బాప్తిస్మ నిర్ధారణ కార్డు

పోయిన ఏడాది, మా చర్చిలన్నిటి మీదా పెత్తనం చేసే సినడు ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. దాని పుణ్యమా అని చింతలగుంట సంఘంలో మూడు వందల ఎనభై ఆరుగురు క్రైస్తవులు తాము క్రైస్తవులమో కాదో తేలక నాలుగు నెలలు బితుకుబితుకుమంటూ గడిపారు. అందులో నేనూ ఒకణ్ణి. నా పేరు సుగుణానందం. మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. దస్తూరి గుండ్రంగా ఉంటుందని సంఘ కార్యదర్శి పదవి నాకు అంటగట్టారు. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎవరినీ వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు.

ముందు మా పద్ధతి చెప్పాలి. మా లూథరన్లలో బిడ్డ పుట్టిన నెలకో రెండు నెలలకో తల్లిదండ్రులు గుడికి ఎత్తుకొస్తారు. పక్కన ఇద్దరు సాక్షులు నిలబడతారు. పాస్టరు అయ్యగారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున మూడుసార్లు నెత్తిన నీళ్ళు పోస్తారు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తాడు. ఆ తర్వాత భోజనాలు. "మరి బిడ్డకేం తెలుస్తుందండీ?" అని మా చిన్నప్పుడు కన్ఫర్మేషన్ అనే మత పాఠాల క్లాసులో అడిగితే, "బిడ్డకు తెలియక్కర్లేదు, ఇచ్చేవాడికి తెలుసు" అని నేర్పారు. ఆ ముక్క బట్టీపట్టి అప్పజెప్పి, మార్కులు తెచ్చుకుని, శుభ్రంగా మర్చిపోయాం.

ఇలా ఉండగా మా గుడికి ఎదురుగా, రోడ్డుకు అవతల, రేకుల షెడ్డులో కొత్త ప్రార్థన మందిరం వెలిసింది. వాళ్ళు పెద్దవాళ్ళను సిమెంటు తొట్టిలో నిలువునా ముంచి బాప్తిస్మం ఇస్తారు. ఇస్తే ఇచ్చుకున్నారు, ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ వాళ్ళకు మైకు ఉంది. మా గుడి వార్షికోత్సవానికి సినడు అధ్యక్షులు డాక్టర్ ఫిలేమోను అయ్యగారు వచ్చి ప్రసంగం మొదలుపెట్టగానే అవతలి నుంచి మైకు అందుకుంది.

"చిన్నప్పుడు నెత్తిన పోసిన నాలుగు చుక్కలు బాప్తిస్మమా? అసలు పోశారని నీకు తెలుసా? ఎవరు చూశారు? చూసినవాణ్ణి చూపించు!"

అధ్యక్షులయ్యగారు ప్రసంగం ఆపేశారు. రెండు నిమిషాలు ఆ మైకు వైపే చెవి పెట్టి విన్నారు. ఆ తర్వాత ఏం చెప్పారో ఆయనకే తెలియదు, మాకసలే తెలియలేదు. భోజనాల దగ్గర కోడికూర కూడా ముట్టలేదు. సరిగ్గా పద్దెనిమిదో రోజున సర్క్యులర్ వచ్చింది.

"సినడు పరిధిలోని సభ్యులెల్లరు తాము బాప్తిస్మము పొందియున్నట్లు ప్రత్యక్ష సాక్షి ద్వారా నిరూపించుకొని నిర్ధారణ కార్డు పొందవలెను. సదరు కార్డు లేనివారికి ప్రభు భోజన సంస్కారము ఇవ్వబడదు. రిజిస్టరు నకళ్ళు అంగీకరింపబడవు. ఏలయనగా రిజిస్టరు వ్రాసినదే గాని చూచినది కాదు."

దీన్ని అమలు చేయడానికి మా ఊళ్ళో బాప్తిస్మ నిర్ధారణ సంఘం ఏర్పడింది. ఆరుగురు సభ్యులు. కన్వీనరు నతనయేలు గారు. ఆయన మా ఊరివాడే, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాడు. సర్వీసంతా ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగని మనిషి. తాగి ఉంటే రూలు కాస్తయినా వంగేదని మా రైతులు ఇప్పటికీ బాధపడుతుంటారు.

మొదటి మీటింగులో ఆయన కళ్ళజోడు తుడుచుకుని నిబంధనలు చదివి వినిపించారు. "సాక్షికి ఆనాటికి ఏడేళ్ళు నిండి ఉండవలెను. నీరు తలపై పడుట కళ్ళారా చూచి ఉండవలెను. ఎన్నిసార్లు పడినదో చెప్పగలగవలెను. సాక్షి మాట నమ్మదగినదై ఉండుటకుగాను సాక్షికి సైతం నిర్ధారణ కార్డు ఉండవలెను."

లెక్కల మాస్టర్ని కదా, నోరు ఊరుకోలేదు. "మరి మొట్టమొదటి కార్డు ఎవరికిస్తారండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "విలువైన సందేహం. సబ్‌కమిటీ వేద్దాం" అన్నారు.

సబ్‌కమిటీలోనూ ఆ ఆరుగురే. వాళ్ళు టీ తాగి, తమ ఆరుగురికీ తాత్కాలిక కార్డులు ఇచ్చుకోవచ్చునని తీర్మానించారు. వాటి మీద అధ్యక్షులయ్యగారు సంతకం పెట్టి పంపారు. ప్లాస్టిక్ పూత, ఫోటో, బార్‌కోడు, అన్నీ ఉన్నాయి. నతనయేలు గారు ఆ కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, పైకి కనపడేట్టు సర్దుకున్నారు.

ఇక మిగతా ఊరికి సాక్షులు కావాలి. నాకు అరవై నాలుగేళ్ళు. నా బాప్తిస్మం చూసినవాళ్ళలో మా నాన్న లేడు, అమ్మ లేదు, సాక్షులుగా నిలబడ్డ ఇద్దరూ లేరు. నీళ్ళు పోసిన అయ్యగారు పోయి నలభై ఏళ్ళయింది. ఊళ్ళో ఎవర్ని కదిలించినా ఇదే గోల. అప్పుడు ఎవరో అన్నారు, "కెజియమ్మ ఉందిగా!"

కెజియమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. మిషన్ ఆస్పత్రిలో నలభై ఏళ్ళు ఆయాగా చేసింది. మా గుళ్ళో ఎవరి బాప్తిస్మమైనా గోరువెచ్చటి నీళ్ళు ఇత్తడి చెంబులో తెచ్చేదీ, బిడ్డ తల తుడవడానికి తువ్వాలు పట్టుకుని నిలబడేదీ ఆవిడే. మనిషి సగానికి వంగింది గానీ జ్ఞాపకం ఇనప్పెట్టె. నిర్ధారణ సంఘం ఆవిడకు మూడు నెలల గడువుతో "ప్రత్యేక సాక్షి" హోదా ఇచ్చింది. మర్నాటి నుంచి ఆవిడ వరండాలో తిరనాళ్ళే.

నేను బల్ల వేసుకుని కూర్చుని ప్రమాణపత్రాలు రాసేవాణ్ణి. పక్కన నతనయేలు గారు పర్యవేక్షణ. మొదట మా ఊరి బ్యాంకు మేనేజరు వచ్చాడు. మంచి ఇస్త్రీ చొక్కా, వెనకాల ఇద్దరు గుమాస్తాలు.

"నువ్వు ఇశ్రాయేలు కొడుకువి గదూ!" అంది కెజియమ్మ. "నీ బాప్తీసం మర్చిపోతానా! అయ్యగారి తెల్లంగీ మొత్తం తడిపావు. నా చెంబులో నీళ్ళతో కాదులే."

నేను కలం ఎత్తి పట్టుకున్నాను. "ఇది రాయమంటారా అండీ?"

"వ్రాయవలెను," అన్నారు నతనయేలు గారు. "సాక్ష్యము ఎంత వివరముగా ఉన్న అంత బలము."

రాశాను. మేనేజరు సంతకం పెట్టాడు. గుమాస్తాలు గోడకేసి తిరిగి నిలబడ్డారు.

ఆ తర్వాత వచ్చిన ఏసురత్నానికి బైబిల్లో దేవుడి గుడి కూల్చిన రాజు పేరు, నెబుకద్నెజరు అని పెట్టబోయారనీ, వాళ్ళ తాత పట్టుబట్టి కూర్చుంటే అయ్యగారు గడ్డం పట్టుకుని బతిమాలి మార్పించారనీ తెలిసింది. ఏసురత్నం భార్య ఆ పూట నుంచి ఆయన్ని పాత పేరుతోనే పిలుస్తోంది. నా వంతు వచ్చినప్పుడు కెజియమ్మ నా కేసి చూసి, "ఒరే ఆనందం, నీకు మూడుసార్లూ పడినయ్యిలే. రాసుకో," అంది. అమ్మయ్య అనుకున్నాను. నవ్వకండి. అరవై నాలుగేళ్ళు వచ్చాక మనం మనమేనని ఒకరు చెబితే ఎంత ఊరటో నాకు ఆవేళ తెలిసింది.

నతనయేలు గారు తన తాత్కాలిక కార్డును ఖాయం చేసుకోవడానికి ఆవిణ్ణే అడిగారు.

"నువ్వు ఏడవలేదయ్యా. గుడ్లప్పగించి అయ్యగారి కేసే చూశావు. ఏ సెక్షను కింద పోస్తన్నావని అడిగేటట్టు."

ఆయన చిన్నగా తలాడించి, "సరిగ్గా నమోదు చేయండి," అన్నారు. ఖాయం చేసే పని మాత్రం పై ఆఫీసు నుంచి ఫారాలు రావాలని ఆగింది.

ఈలోపు కొత్త బిడ్డల సంగతి వచ్చింది. రేపటి రోజున సాక్షులకు ఇంత కరువు రాకూడదని నిర్ధారణ సంఘం ముందుచూపుతో వీడియో తప్పనిసరి చేసింది. "నీరు తలపై పడుట స్పష్టముగా కనిపించవలెను" అని రూలు. మా గుడికి కొత్తగా వచ్చిన సీలాసు అయ్యగారు చిన్నవాడు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఆయన పాపం ఒక ఆడపిల్ల నెత్తిన నీళ్ళు పోస్తుంటే పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫరు చెయ్యెత్తి ఆపాడు.

"అయ్యగారూ, లైటు పళ్ళేదు. ఇంకోసారి పొయ్యండి. ఈసారి కొంచెం నెమ్మదిగా, పాప మొహం ఇటు తిప్పి."

"ఇంకోసారి ఉండదు బాబూ. ఒకసారే," అన్నాడు సీలాసు అయ్యగారు. ఆ ఒక్కమాటకే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వీడియోలో అయ్యగారి మోచెయ్యి బ్రహ్మాండంగా వచ్చింది. పాప రాలేదు. "మోచేయి వెనుక ఏమి జరిగినదో నిర్ధారణ కాలేదు" అని సంఘం ఆ పాప కార్డు పెండింగులో పెట్టింది. గుడినిండా జనం చూశారుగా అని నేనంటే, ఆ జనానికి ఇంకా కార్డులు చేతికి రాలేదు కదా అన్నారు నతనయేలు గారు. నిజమే, కాదనలేం.

మూడో నెలాఖరుకు మూడు వందల ఎనభై ఆరు ప్రమాణపత్రాలు కట్టలు కట్టి సినడు ఆఫీసుకు పంపాం. వారం తిరగకుండా జవాబు వచ్చింది. "పైన ఉదహరించిన ప్రమాణపత్రములన్నింటి యందును సాక్షి కెజియమ్మ ఒక్కరే. సదరు కెజియమ్మ గారి బాప్తిస్మమునకు సాక్షి ఎవరు? ఆమె ప్రత్యేక హోదా గడువు ముగిసినది. ఆమె కార్డు పొందువరకు ఆమె ఇచ్చిన సాక్ష్యములన్నియు నిలుపుదల చేయడమైనది."

ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి బాప్తిస్మాన్ని ఏడేళ్ళ వయసులో చూసినవాళ్ళు ఉండాలంటే, వాళ్ళకిప్పుడు తొంభై అయిదు నిండాలి. మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల పది ఊళ్ళు వెతికినా అలాంటివారు ఇద్దరే దొరికారు. ఒకాయనకు తన పేరే గుర్తు లేదు. ఇంకొకాయన హిందువు. "ఆ అమ్మాయి బాప్తీసానికి నేను పోలేదు బాబూ, బెల్లం మాత్రం పంపించారు, తిన్నా," అని చెప్పాడు. బెల్లం సాక్ష్యంగా చెల్లదన్నారు.

ఆ ఆదివారం ప్రభు భోజన సంస్కారం, కార్డుల రూలు అమల్లోకొచ్చాక మొదటిది. సీలాసు అయ్యగారు అలవాటు ప్రకారం మూడు వందల మందికి రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేశాడు. "రండి, అంతా సిద్ధంగా ఉంది" అని పిలిచాడు. కార్డులున్న ఆరుగురు లేచి వెళ్ళారు. మిగతా గుడి గుడంతా కూర్చుని వాళ్ళ వీపులు చూసింది. ఆ ఆరుగురికీ అయ్యగారు రెండేసి సార్లు ఇచ్చినా రొట్టె తరగదు. ఎదురు షెడ్డులో ఆవేళ మైకు కూడా మోగలేదు. వాళ్ళూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారనుకుంటా.

మూడో వరసలో తెల్లచీర కట్టుకుని కెజియమ్మ లేచి నిలబడింది. అలవాటు. నేను వెళ్ళి మెల్లగా భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. పని నాది కదా, కార్యదర్శిని.

"నేనేం తప్పు చేశాన్రా, ఆనందం?" అంది.

"తప్పేం లేదు పెద్దమ్మా. కాగితం లేదు."

ఆవిడ ముసుగు సర్దుకుని కూర్చుంది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు నాకు. సిగ్గేసింది. ఉన్నమాట చెప్పడానికేం.

నెల తిరిగేసరికి ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తే గుండె అరిగిపోయిందన్నారు. నేను పలకరించడానికి వెళ్ళాను.

"డాక్టరు కొన్నాళ్ళు ఫర్లేదన్నాడంట గదా పెద్దమ్మా," అన్నాను.

"ఆస్పత్రిలో నలభై ఏళ్ళు చేశాన్రా. డాక్టరు కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో నాకు తెలవదా?" అని నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నాకేం అక్కర్లేదు. పోయేలోపు ఒక్కసారి రొట్టె తీసుకోడానికి గుళ్ళో బల్లకాడికి పోవాల. పద్నాలుగో ఏట మొదలుపెట్టినదాన్ని, ఎన్నడూ మానలా. ఇప్పుడు చివర్లో మానమంటే ఎట్టారా?"

సీలాసు అయ్యగారు ఇంటికొచ్చి ఇస్తానన్నాడు. "గృహములందు ఇచ్చు సంస్కారమునకు సైతం కార్డు తప్పనిసరి" అని నాలుగో పేజీలో ఉందని నతనయేలు గారు చూపించారు. చూపిస్తూ తల పైకెత్తలేదాయన. అయ్యగారు నా కేసి చూశాడు. నేను అయ్యగారి కేసి చూశాను. ఇద్దరం పిరికివాళ్ళమే, ఏం చేస్తాం. ఆ రాత్రే కూర్చుని, నా గుండ్రటి దస్తూరితో అధ్యక్షులయ్యగారికి అర్జీ పెట్టాను. ఆయన స్వయంగా వచ్చి విచారణ చేస్తామని శనివారం ముహూర్తం పెట్టారు.

శనివారం పొద్దున్నే గుడి హాలు నిండిపోయింది. అధ్యక్షులయ్యగారు మధ్యలో కూర్చున్నారు. అరవై రెండేళ్ళ మనిషి, నిండైన విగ్రహం, రొమ్ము మీద వెండి సిలువ. కెజియమ్మను కుర్చీలో మోసుకొచ్చారు. నతనయేలు గారు ఫైలు విప్పారు.

"సాక్షి కెజియమ్మ గారూ, మీరు బాప్తిస్మము పొందినట్లు ప్రత్యక్షముగా చూచినవారెవరు?"

"మా అమ్మ."

"ఆమెను హాజరుపరచగలరా?"

"ఆమె హాజరైనచోటికి నేనే పోయేటట్టున్నానయ్యా."

"మరెవరైనా?"

"మా నాయన, మా మేనత్తలిద్దరు, నీళ్ళు పోసిన మిషన్ దొరగారు. అందరూ ఆడనే ఉండారు."

నతనయేలు గారు నా వైపు తిరిగి, "సాక్షులు అందుబాటులో లేరు అని వ్రాసుకోండి," అన్నారు.

అధ్యక్షులయ్యగారికి ఇబ్బందిగా ఉన్నట్టుంది. ముందుకు వంగి, "అమ్మా, మీరేం బాధపడకండి. నా పరిస్థితీ అదే. నేను ఈ ఊళ్ళోనే పుట్టానట. ఏడాది బిడ్డగా ఉండగా వెళ్ళిపోయాం. మా అమ్మ ఇక్కడి మిషన్ ఆస్పత్రిలో నర్సు, నా చిన్నతనంలోనే పోయింది. నాకూ సాక్షి దొరకలేదు. నా కార్డూ పెండింగులోనే ఉంది," అన్నారు.

హాలంతా ఒక్కసారి కదిలింది. అందరి కార్డుల మీదా సంతకం పెట్టిన మనిషికి కార్డు లేదన్న సంగతి మాకు అప్పటిదాకా తెలియదు.

కెజియమ్మ కళ్ళు చిట్లించి చూసింది. "ఏ నర్సు?"

"సంతోషమ్మ."

"సంతోషం కొడుకువా!" ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. నేను ఆపబోతే నా చెయ్యి తోసేసింది. నాలుగడుగులు వేసి అధ్యక్షులయ్యగారి గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. "ఇంతవాడివయ్యావా నాయనా! నీకు బాప్తీసం ఇచ్చింది నేనే గదరా!"

ఆవిడ నిలబడే చెప్పింది.

"ఏడో నెల కానుపు. అరచెయ్యంత ఉండావు. ఒళ్ళంతా నీలం. ఏడుపు లేదు. డాక్టరమ్మ పెదవి విరిచి ఇంకో కానుపుకు పోయింది. అయ్యగారు సైకిలేసుకుని పల్లెలకు పోయాడు, ఎప్పుడొస్తాడో తెలవదు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, 'నువ్వే పోసెయ్యవే కెజియా, బిడ్డ ఆగడు' అంది. అయ్యగారు లేనప్పుడు, బిడ్డ పోతన్నప్పుడు, నమ్మినోళ్ళు ఎవురైనా పొయ్యొచ్చని మాకు ఆస్పత్రిలో నేర్పిందే. కానీ నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఎన్నడూ పోసినదాన్ని గాదు. మీ అమ్మ తాగే గళాసులో నీళ్ళుంటే అయ్యే తీసుకుని, పేరడిగి, ముగ్గురి నామమున మూడుసార్లు పోశా. మూడోసారికి కెవ్వుమన్నావు."

"మరి గుళ్ళో..." అన్నారు అధ్యక్షులయ్యగారు. ఆయన గొంతు ప్రసంగాల గొంతులా లేదు.

"గుళ్ళో పొయ్యలా. అయ్యగారు ఎనిమిది రోజులకొచ్చి, ఏం చేశావే అని అడిగి అంతా చెప్పించుకున్నాడు. 'సరిపోయింది, మళ్ళీ నేను పొయ్యను' అని, నీ పేరు చదివి ప్రార్థన చేశాడు. అంతే."

నతనయేలు గారు మెల్లగా లేచారు. మనిషి మొహంలో బాధ కనిపిస్తోంది గానీ, రూలు పుస్తకం చేతిలో ఉంది. "విచారముతో మనవి చేస్తున్నాను. సదరు బాప్తిస్మము ఇచ్చినవారును, చూచినవారును ఒక్కరే. సదరు వ్యక్తికి కార్డు లేదు. కావున లభ్యమైన ఆధారముల మేరకు అధ్యక్షులవారి బాప్తిస్మము నిర్ధారణ కాలేదు."

"అట్టయితే ఆయన అయ్యగారు కావడం?" అని వెనక నుంచి ఒక సంఘపెద్ద.

"చెల్లదు."

"ఆయన చేసిన పెళ్ళిళ్ళు?"

"పరిశీలించవలసి ఉంటుంది." హాల్లో మూడు నాలుగు జంటల మొగుడూపెళ్ళాలు ఒకరినొకరు కొత్త ఆశతో చూసుకున్నారు.

"సర్క్యులర్ మీద సంతకం?" అన్నాను నేను.

"చెల్లదు."

"మీ జేబులో కార్డు మీద సంతకం?"

నతనయేలు గారు కార్డు బయటికి తీసి సంతకం చూశారు. "చెల్లదు," అన్నారు, అదే గొంతుతో. చెప్పొద్దూ, ఆ నిమిషంలో ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

"సర్క్యులరే చెల్లకపోతే ఇంక గొడవేముంది, కార్డులు అక్కర్లేదుగా!" అని బ్యాంకు మేనేజరు లేచి అరిచాడు. ఎవరికి వాళ్ళు చప్పట్లు కొట్టబోయారు.

"ఆగండి. రద్దు ఉత్తర్వు మీద సంతకము చేయుటకు అర్హులైన అధ్యక్షులు ఉండవలెను. ప్రస్తుతము లేరు," అన్నారు నతనయేలు గారు. ఎత్తిన చేతులు దిగిపోయాయి.

అధ్యక్షులయ్యగారు చుట్టూ చూసి, కెజియమ్మ వైపు వంగి, మాకు వినపడకూడదనుకుని అడిగారు గానీ అందరికీ వినపడింది. "అమ్మా, పోనీ మళ్ళీ పోసెయ్యరాదూ? ఇక్కడే, ఇంతమంది ముందు. వీడియో కూడా తీయిద్దాం. పీడా వదిలిపోతుంది."

కెజియమ్మకు కోపం రాగా నేను నా జన్మలో చూసింది అదొక్కసారే.

"మళ్ళీనా? ఎందుకు మళ్ళీ? మొదటిసారి దేవుడు సరిగ్గా చెయ్యలేదనా? నేను పోసింది గళాసుడు నీళ్ళే నాయనా. పట్టుకుంది ఆయన. ఇప్పుడు మళ్ళీ పోస్తే ఆయన వదిలేశాడని నేను చెప్పినట్టు గాదూ? వదిలేశాడని నీతో ఎవురు చెప్పారు? ఆ మైకోడు చెప్పాడా?"

అధ్యక్షులయ్యగారు బళ్ళో పిల్లాడిలాగా అడిగారు. "అప్పుడు నేనేం చేశానమ్మా?"

"ఏం చేస్తావు? అరచెయ్యంత గుడ్డువి. ఏడిచావు. అంతకుమించి నువ్వు చెయ్యాల్సిందేముంది అందులో?"

ఆయన లేచి, ఆవిణ్ణి నడిపించుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు. సీలాసు అయ్యగారి వైపు తిరిగి, "రేపు ఆరాధన ఎన్నింటికి?" అన్నారు.

"తొమ్మిదికండీ."

"సంస్కారం నేనిస్తాను. గుడికి సరిపడా రొట్టె సిద్ధం చెయ్యండి."

నతనయేలు గారు కలం పట్టుకుని నిలబడి ఉన్నారు. "విచారణలో తేలినది ఏమని వ్రాయమంటారండీ?"

"బిడ్డ ఏడ్చాడని రాయండి," అన్నారు అధ్యక్షులయ్యగారు.

అదే రాశాను నేను. మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఆదివారం తొమ్మిదింటికి గుడిలో కాలు పెట్టే సందు లేదు. బల్ల దగ్గరికి పిలుపు రాగానే కెజియమ్మను నేనూ సీలాసు అయ్యగారూ చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్ళాం. మోకాళ్ళు వంగవు కాబట్టి ముందువరసలో చిన్న స్టూలు వేశాం. అధ్యక్షులయ్యగారు ముందు ఆవిడకే ఇచ్చారు. ఆవిడ రొట్టె నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. వస్తే రానిమ్మని ఊరుకున్నాను.

వరస వెనక వరసగా అందరూ వచ్చారు. బ్యాంకు మేనేజరు వచ్చాడు, నెబుకద్నెజరూ భార్యా వచ్చారు, మోచేతి వెనక పాపను ఎత్తుకుని వాళ్ళమ్మ వచ్చింది. ఆఖరికి గుళ్ళో కూర్చున్నవాడు ఒక్కడే మిగిలాడు. నతనయేలు గారు. కార్డు తీసి పక్కన బెంచీ మీద పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉన్నారు.

అందరూ బల్ల దగ్గర్నుంచి వెళ్ళిపోయినా కెజియమ్మ స్టూలు మీంచి లేవలేదు. వెనక్కి తిరిగి చూసి పిలిచింది. "నతనయేలూ, రావేంది?"

ఆయన లేచి నిలబడ్డారు. చొక్కా సర్దుకున్నారు. గుడంతా వినపడేట్టు స్పష్టంగా చెప్పారు. "క్షమించాలి. నిబంధనల ప్రకారం నాకు అర్హత లేదండీ."

"ఎవురికుందయ్యా?" అంది కెజియమ్మ. "రా. నాకు ఆయాసంగా ఉంది, నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టమాక."

నతనయేలు గారు వచ్చారు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు కట్టుకుని, మళ్ళీ విప్పి, ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆవిడ స్టూలు మీద కాస్త పక్కకు జరిగింది. అధ్యక్షులయ్యగారు ఆయన్ని ఏమీ అడగలేదు. రొట్టె తీసి ఆ చేతిలో పెట్టారు.